నీళ్ళు కారిన గుడ్డ

పో అనే మా నది గట్టు తెంచుకుని, మఠం గుడిలో పూజపీఠం దాకా బురద పోసిపోయిన వరదకి అది మూడో ఏడు. ఈస్టరు ముందు ఉపవాసాల తపస్సు కాలం నడుస్తోంది. శుక్రవారం పూజ ముగిసిన కాసేపటికి ఉన్ని వ్యాపారి రైమొందో కూతురు ఆల్దా కళ్ళు మూసుకుపోయాయి. సాయంత్రానికి రెప్పల మీద బొబ్బలు లేచాయి. శనివారం పొద్దున్నే నాకు కబురు వచ్చింది. నేను ఊరి కొత్వాలుని.

నేను వెళ్ళేసరికే దోషి దొరికింది. చాకలి గిస్లా. పట్టించినవాడు వైద్యుడు మాయిఫ్రెదో. బొలోన్యా విద్యాపీఠంలో చదువుకున్నవాడు. మఠానికీ ఊరికీ ఆయనదే వైద్యం. ఆయన మాట మీద గిస్లాని మఠం వాకిలి పక్కన కట్టెల కొట్లో పెట్టి తాళం వేసింది నేనే.

మా ఊరి చట్టం చిన్నది. కన్ను పోగొట్టినవాళ్ళ కన్ను తీస్తారు. డబ్బున్నవాడు దండుగ కట్టి బయటపడతాడు. గిస్లా కట్టలేదు. సోమవారం పొద్దున న్యాయాధికారి కూర్చుంటాడు. మఠం లోపలి సాధువుల మీద ఆ చట్టం చెల్లదు. వాళ్ళ తప్పులు వాళ్ళే చూసుకుంటారు. గిస్లా సాధువు కాదు. ఊరి మనిషి.

గుడ్డ సంగతి ఇది. ఆ మఠంలో తెదాల్దో అని ఒక సాధువు. వరద ఏడాది నుంచి పూజలో ఆయనకి కన్నీళ్ళు ధారకట్టేవి. దేవుడిచ్చిన వరం అన్నారు జనం. శుక్రవారం పూజలో ఆయన కళ్ళు తుడుచుకున్న గుడ్డలు కళ్ళజబ్బులకి మందు. పూజకి ముందు గిస్లా ఉతికిన గుడ్డలు ఆయనకి అందిస్తుంది. పూజ అయ్యాక ఆయన దగ్గర తీసుకుని వాకిట్లో జనానికి పంచుతుంది. ఆల్దాకి రెప్ప మీద కురుపు లేస్తే తండ్రి తీసుకొచ్చాడు. కురుపు మీద ఆ గుడ్డ పెట్టారు.

ముందు పిల్లని చూశాను. అతిథుల గదిలో పడుకోబెట్టారు. కళ్ళ మీద పాలలో తడిపిన దూది. ఆరేళ్ళుంటాయి.

"ఎవరది?" అంది.

"కొత్వాలుని."

"దొంగల్ని పట్టే కొత్వాలా?"

"ఆఁ."

పిల్ల దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. గొంతు తగ్గించింది. "నేను ఎండు అంజీరు తిన్నాను. ఉపవాసం రోజున. పూజకి ముందే. నాన్నకి చెప్పకు. అందుకేనా దేవుడు కళ్ళు కాల్చాడు?"

"కాదు."

"నీకెట్లా తెలుసు?"

"దేవుడు అంజీర్లు లెక్కపెడుతూ కూర్చోడు. గుడ్డ పెట్టినప్పుడు ఎట్లా ఉంది?"

"చల్లగా. నీళ్ళు మెడలోకి కారాయి. లోపలి చొక్కా తడిసింది. తర్వాత మండింది."

రైమొందో గోడకి ఆనుకుని నిలబడ్డాడు. రాత్రంతా పడుకోని మొహం. "ఇంకా ఏం అడుగుతారండీ దాన్ని? ఆ దిక్కుమాలినదాని కన్ను ఎప్పుడు తీస్తారో అది చెప్పండి."

"గుడ్డ ఏది?"

చిన్న మూటలోంచి తీసి ఇచ్చాడు. ఆరిపోయి ఉంది. నార బట్ట, అంచు మడిచి కుట్టింది. గుడ్డంతా మెత్తగానే ఉంది. ఒక మూల మాత్రం బిరుసు. వేలితో రుద్దితే గోధుమరంగు జిగురు పొట్టులా రాలింది. ఆ మూలని నాలుక కొసకి ఆనించాను. ఏమీ లేదు. బయటికొచ్చి ముంగిలి దాటేసరికి నాలుక కొస మీద నిప్పు పెట్టినట్టయింది. మధ్యాహ్నానికి పొక్కింది. ఆ రోజంతా నేను తక్కువ మాట్లాడాను. తేడా ఎవరికీ తెలియలేదు.

మాయిఫ్రెదో కట్టెల కొట్టు దగ్గర నా కోసం చూస్తున్నాడు. పొడుగు మనిషి, మెడ చుట్టూ ఉడుత తోలు.

"మీకు నమ్మకం కుదరలేదట. మీ కళ్ళముందే చూపిస్తాను, రండి."

తాళం తీశాను. గిస్లా దుంగ మీద కూర్చుని ఉంది. నలభై దాటిన మనిషి. చేతులు మోచేతుల దాకా సున్నానికి పగిలి ఉన్నాయి.

"చెయ్యి ఇవ్వు," అన్నాడు మాయిఫ్రెదో.

"ఎందుకూ, ఉంగరం తొడుగుతావా వైద్యుడా? నాకు ఒకసారి అయింది పెళ్ళి. చాలు."

ఆయన నవ్వలేదు. మణికట్టు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఒక్కొక్క మాటే అన్నాడు, మధ్యలో ఊపిరంత ఆగుతూ. "సబ్బు. బూడిదనీళ్ళు. రేవు. ఆల్దా." గిస్లా కదల్లేదు. "గుడ్డ." మాయిఫ్రెదో కనుబొమ్మ లేచింది. "తెదాల్దో."

నేను నాడి పట్టుకోలేదు. గిస్లా మొహం చూశాను. ముందు పెదాలతో సహా తెల్లబడింది. తర్వాత మెడ దగ్గర్నుంచి ఎరుపు పాకింది. చెవులు కందిపోయాయి.

బయటికొచ్చాక మాయిఫ్రెదో చేతులు తుడుచుకున్నాడు. "చూశారుగా లాంబెర్తో? భయం పుడితే రక్తం గుండెలోకి పారిపోతుంది, మొహం పాలిపోతుంది. కోపం వస్తే బయటికి దూకుతుంది, మొహం కందుతుంది. మనిషి నోరు అబద్ధమాడుతుంది. నాడి ఆడదు."

"ఆమె పాలిపోయింది. తర్వాత కందింది."

"అవును."

"అది భయమా, కోపమా?"

"రెండూ కాదు. సిగ్గు. సిగ్గుపడ్డ రక్తం ముందు దాక్కుంటుంది, తర్వాత బయటికొస్తుంది. ఈ రెండు నడకలూ ఒకదాని వెనక ఒకటి ఇంక దేనికీ ఉండవు."

"మరి చేసినవాళ్ళకి భయం ఉండాలిగా? కన్ను తీస్తామంటున్నాం."

"సిగ్గు చాలు. చెయ్యకపోతే సిగ్గెందుకు? సున్నం సరిగ్గా జాడించకుండా ఇచ్చింది. లేదా కావాలనే పూసింది."

"ఏం చేసిందని సిగ్గుపడిందో మీ నాడి చెప్పలేదు."

"అది మీ పని. మీ పద్ధతి ఏంటి, తాడూ కప్పీనా?"

"తాడు వేసి వేలాడదీస్తే మిమ్మల్ని కూడా ఒప్పించగలను, పిల్ల కళ్ళు మీరే కాల్చారని. అందుకే వెయ్యను."

ఆయన మొహం కందింది. పాలిపోలేదు. కోపమేననుకున్నాను.

చాకిరేవు దగ్గరికి వెళ్ళాను. గిస్లా తీగ మీద ఆరేసిన గుడ్డలు అట్లాగే ఉన్నాయి. వచ్చే శుక్రవారానికి. ఒక్కొక్క మూలా వేళ్ళ మధ్య నలిపాను. అన్నీ మెత్తన. జిగురు లేదు. సున్నం కలిపిన బూడిదనీళ్ళ కుండలో వేలు ముంచి చూశాను. జారుడుగా ఉంది, చర్మం చురుక్కుమంది, కానీ ఆరాక తెల్లటి పొడి మిగిలింది. గోధుమరంగు కాదు. అంటే జిగురు ఉతికాక అంటింది.

గుడ్డ గిస్లా చేతిలోంచి తెదాల్దో చేతికి పోతుంది, తెదాల్దో చేతిలోంచి మళ్ళీ గిస్లా చేతికి వస్తుంది. మధ్యలో ఇంకెవరూ లేరు.

గుడిలో సాధువులు కూర్చునే బల్లల వరుసలోకి వెళ్ళాను. బయటివాళ్ళు పోకూడదు. పూజ వేళ కాదు కాబట్టి ఎవరూ అడగలేదు. తెదాల్దో కూర్చునే చోటు అందరికీ తెలుసు, జనం దూరం నుంచి వేలెత్తి చూపించుకుంటారు. కుడివైపు చెయ్యి ఆన్చే బల్ల పైన శుభ్రంగా ఉంది. కింది అంచు తడిమితే వేలికి అంటుకుంది. ఒంగి చూశాను. గోధుమరంగు మరక. దుమ్మూ నూలుపోగులూ దానికి పట్టుకుని ఉన్నాయి. ఎవరో బొటనవేలు మళ్ళీ మళ్ళీ అక్కడ తుడుచుకున్నారు.

ఆ బల్లల వెనక చిన్న తలుపు. గడియ లోపలి వైపు. గిస్లాకి బయట నుంచి దాన్ని తియ్యడం కుదరదు. గడియ తీసి బయటికి నడిచాను. గుడి వెనక, వరద మేటవేసిన ఒండ్రులో, మోకాలెత్తు పచ్చని మొక్కలు గుంపుగా పెరిగి ఉన్నాయి. మేకలు తినని మొక్క అది. తలుపుకి దగ్గరగా ఉన్న మొక్కలకే తలలు లేవు. గిల్లిన గాట్లు కొన్ని ఎండి నల్లబడ్డాయి. ఒకటి కొత్తది. పక్క కొమ్మ తుంచాను. చిక్కటి తెల్లపాలు కారాయి. నా చేతిగుడ్డ మీద ఒక చుక్క వేసి రాయి మీద ఎండలో పెట్టాను. ఆరాక చూస్తే అదే బిరుసు, అదే గోధుమరంగు.

మా అమ్మ పులిపిర్ల మీద రాసేది ఆ పాలు. కళ్ళకి తగలనివ్వద్దని చేతులు కట్టేసేది.

నా లెక్క అక్కడే సగం తెగింది. మిగిలిన సగం తెగలేదు. ఎండిన జిగురు ఒక మూలన ఉంటే పిల్ల రెండు కళ్ళకీ ఎట్లా పాకింది? కాలాల్సింది ఒక్క రెప్పే.

మఠం వంటింట్లో శనగల జావ ఒక గిన్నె అడిగి గిస్లాకి పట్టుకెళ్ళాను. ఆమె తాగింది. నేను ఎదురుగా కూర్చున్నాను. తాగడం అయ్యాక అడిగాను.

"నీళ్ళు ఎందుకు పోశావు?"

గిన్నె ఒళ్ళో పెట్టుకుంది. "ఏ నీళ్ళయ్యా?"

"పిల్ల మెడలోకి కారాయి. చొక్కా తడిసింది. నీళ్ళు కారేంత ఏడ్చే మనిషి ఉన్నాడా? తుడుచుకున్న గుడ్డ చెమ్మగా ఉంటుంది. కారదు."

"ఆయన ఏడుపు నీకేం తెలుసు?"

"తెలీదు. చెప్పు."

మళ్ళీ మొహం పాలిపోయింది, మళ్ళీ కందింది. ఈసారి నేనే తల తిప్పుకున్నాను. ఒక మనిషి సిగ్గుని అంత దగ్గర నుంచి చూడడం బాగాలేదు.

"క్రీస్తు పుట్టిన పెద్దపండగ వెళ్ళినప్పటి నుంచీ గుడ్డలు పొడిగా వస్తున్నాయి," అంది చివరికి. "ఆయన కళ్ళు ఎర్రగానే ఉంటాయి. గుడ్డ మాత్రం చెమ్మ తగలదు. వాకిట్లో జనం చేతులు చాపుకుని ఉంటారు. పొడిగుడ్డ ఇస్తే ఏమంటారు? సాధువు ఎండిపోయాడంటారు. అందుకని తొట్లో ముంచి పిండి ఇచ్చేదాన్ని. నిన్న జనం తోసేస్తున్నారు, పిండడానికి వీల్లేకపోయింది. తొట్టి నీళ్ళు మంచివే అనుకున్నానయ్యా. వరద మురికి అడుగున ఉండిపోయిందేమో. ఆ పిల్ల కళ్ళు నేనే కాల్చాను."

"ఆయనకి తెలుసా?"

"తెలిస్తే నేను సచ్చిపోతాను."

"వైద్యుడికి ఇదే చెప్పొచ్చుగా. మురికి నీళ్ళకి కన్ను తియ్యరు."

"చెబితే ఆయన మాట బయటికొస్తుంది." గిన్నె అంచు వేలితో తుడిచింది. "వరదలో మా ఆయనా, ఇద్దరు మగపిల్లలూ పోయారు. చిన్నాణ్ణి గుడి మెట్ల దగ్గరే తీశారు. నాకు ఏడుపు రాలేదు. ఊళ్ళో ఆడాళ్ళు రాయి అన్నారు నన్ను. మంత్రగత్తె అన్నదీ ఉంది. తెదాల్దో గారు వచ్చి పిల్లాడి పక్కన బురదలో కూర్చున్నారు. ఏడ్చారు. అట్లా ఎవరూ ఏడవగా నేను చూడలేదు. నా వాటా కూడా ఆయనే ఏడ్చేశారు. ఆ రోజే ఆయనకి మొదలైంది. ఒక కన్ను పోతే పోనీలే కొత్వాలయ్యా. రెండోది ఉంటుందిగా ఉతుక్కోడానికి."

ఎండిన జిగురు తడికి కదిలింది. పిండని గుడ్డలో గుడ్డంతా పాకింది. ఆమెకి ఆ మాట చెప్పలేదు. తాళం మళ్ళీ వెయ్యాలి. వేశాను. చెవి తిప్పుతుంటే లోపలి నుంచి ఆమె, "గిన్నె మర్చిపోయావు," అంది.

మాయిఫ్రెదో మందుల గదిలో ఏదో నూరుతున్నాడు. నన్ను చూసి రోకలి ఆపలేదు.

"తెదాల్దో గారికి మీరు వైద్యం చేశారా?"

"మఠంలో నేను చెయ్యనిది ఎవరికి?"

"ఎప్పుడు, ఎందుకు చేశారు?"

"చలికాలంలో. తలనొప్పి, నిద్ర లేదు, తిండి మానేశాడు. మఠాధిపతి నన్ను పిలిచాడు. మెదడులో తడి ఎక్కువైంది, దుఃఖం అక్కడ నిలవ నీరులా నిలిచిపోయింది. రక్తం తీశాను. మిరియాలు, పాత సారా, వేపుడు మాంసం పెట్టించాను. తడిని ఎండబెట్టాను."

"ఎండిందా?"

రోకలి ఆగింది. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "లేదు. మీరు ఎగతాళి చెయ్యడానికి వచ్చినట్టున్నారు. నిన్న పూజలో కూడా ఆయన ఏడ్వడం చూశాను. కళ్ళు రక్తంలా ఉన్నాయి. నిద్ర కుదిరింది, తిండి కుదిరింది, ఏడుపు ఆగలేదు. నా వైద్యం పని చెయ్యలేదని అప్పటి నుంచీ నాలో నేనే చచ్చిపోతున్నాను. చాలా?"

"పని చేసింది," అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. నా చేతిగుడ్డ ఆయన ముందు పరిచాను. పిల్ల గుడ్డ దాని పక్కన పెట్టాను. మొక్క కొమ్మ వాటి మధ్య పెట్టాను. ఆయన చదువుకున్నవాడు. ఒక్కసారి వాసన చూశాడు, కొమ్మ విరిచాడు, తెల్లపాలు చూశాడు. పీట మీద కూర్చుండిపోయాడు. మెడలో ఉడుత తోలు తీసి పక్కన పడేశాడు.

"నన్ను మఠాధిపతి అడగలేదు, ఏడుపు ఆపమని," అన్నాడు. "తలనొప్పి అన్నాడు. అంతే."

"నాతో రండి. మీ చెయ్యి కావాలి."

"నా చెయ్యెందుకు?"

"నా మాట మఠంలో చెల్లదు. మీ నాడి చెల్లుతుంది."

తెదాల్దో రోగుల గదిలో ఉన్నాడు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్నాడు. యాభై ఏళ్ళ మనిషి, రైతు భుజాలు. రెప్పలు వాచి, చెంపల మీద చర్మం పొరలు లేచి ఉంది. ఏడ్చి ఏడ్చి అట్లా అయిందని మఠమంతా ఆయనకి దండం పెట్టేది.

"తండ్రీ, కొత్వాలు గారు రెండు మాటలు అడుగుతారు," అన్నాడు మాయిఫ్రెదో. మణికట్టు పట్టుకున్నాడు. నేను మాటలు అన్నాను. నాకు వరుస తెలుసు.

"సబ్బు. రేవు. ఆల్దా."

తెదాల్దో కళ్ళు దించుకున్నాడు.

"గుడ్డ. గిస్లా."

మాయిఫ్రెదో కళ్ళు తెరిచాడు. ఆయన అబద్ధం ఆడొచ్చు. భయం అనొచ్చు, ఏమీ లేదు అనొచ్చు. అట్లా అంటే ఆయన వైద్యం మీద మచ్చ పడదు, మఠంలో కొలువు పోదు.

"ఆమె నాడే ఇది," అన్నాడు మాయిఫ్రెదో. "ముందు లోపలికి, తర్వాత బయటికి. అదే నడక. అదే." చెయ్యి వదిలేశాడు. "తండ్రీ, నేను మిమ్మల్ని ఎండగట్టానా?"

తెదాల్దో నోరు విప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. రైతు పొలం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

"పెద్దపండగ వెళ్ళాక ఒక శుక్రవారం పూజలో కూర్చున్నాను. రాలేదు. వరద తలుచుకున్నాను. ఆ పిల్లాడి మొహం తలుచుకున్నాను. రాలేదు. నా ముందు మూడొందల మంది మోకాళ్ళ మీద ఉన్నారు. దేవుడు ఇచ్చింది తీసేసుకున్నాడు, నేను ఏదో తప్పు చేసి ఉంటాను, అది ఏంటో వెతుక్కుందాం అనుకున్నాను. ఈలోగా వాళ్ళని ఖాళీచేతులతో పంపకూడదనుకున్నాను. ఆ మొక్క నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. వేలికి రాసుకుని కంటి కొస తాకిస్తే చాలు. ఎర్రబడుతుంది. మండుతుంది. కాస్త నీరు వస్తుంది. చెంప దాకా వచ్చేంత."

"గుడ్డకి అంటుతుందని తెలీదా?"

"అరచేతిలో మండినా పిల్ల కంటికి పోతుందని తట్టలేదు. ఎండిపోయేదిగా. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు."

గుడ్డ ఎందుకు తడిసిందో అప్పుడు చెప్పాను. గిస్లా చెప్పొద్దన్నది చెప్పాను. ఆయన చేతులు మోకాళ్ళ మీద నుంచి జారిపోయాయి.

"ఆమెకి తెలుసా? పొడిగుడ్డలని?"

"పెద్దపండగ వెళ్ళినప్పటి నుంచీ."

"నా మొహం చూసి ప్రతి శుక్రవారం మోకాళ్ళ మీద కూర్చునేది."

"ఇప్పుడు కన్ను ఇచ్చేస్తానంటోంది. నిన్న సాయంత్రం ఆమెని పట్టుకున్నారని మీకు తెలుసు. పొద్దున మీ సాధువులంతా కూర్చుని ఎవరి తప్పు వాళ్ళు చెప్పుకునే సభ అయిందిగా. ఏం చెప్పుకున్నారు?"

"ప్రార్థనలో కునికానని చెప్పాను." కిటికీ వైపు తిరిగాడు. "రాత్రంతా కూర్చున్నాను. ఇంత సిగ్గు పడితే అదైనా వస్తుందేమో, ఒక్క చుక్క నిజంది వచ్చినా లేచి వెళ్ళి చెప్పేస్తాను అనుకున్నాను. రాలేదు. రాలేదు కాబట్టి చెప్పలేదు. చూడండి."

మా వైపు తిరిగి వాచిన రెప్పలు వేళ్ళతో విప్పి చూపించాడు. లోపల పొడిగా ఉంది.

మాయిఫ్రెదో లేచి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"సోమవారం న్యాయాధికారి ముందు ఈ మాట చెబితే గిస్లా బయటపడుతుంది," అన్నాను. "మీ మీద మా చట్టం చెల్లదు. మీ కన్ను ఎవరూ అడగరు. జనం చూస్తారు, అంతే."

"మఠాధిపతి నన్ను గోడ దాటనివ్వరు. గుడి కప్పు కొత్తగా వేయించింది ఆ శుక్రవారాల మీదే. అడిగితే వద్దంటారు."

"అయితే అడక్కండి."

నేను తలుపు దాకా వచ్చాను. వెనక నుంచి, "కొత్వాలుగారూ," అన్నాడు. గొంతు మారింది. "నిన్నటివి మొత్తం ఒకే కట్ట. పిల్లకి ఇచ్చింది అందులో ఒకటి. మిగిలినవి వాకిట్లో పంచలేదు."

"ఎక్కడున్నాయి?"

"పిల్లకి ఒకటి ఇవ్వగానే మఠాధిపతి తీసుకున్నారు. అవతలి ఒడ్డున కళ్ళజబ్బుల సత్రానికి. నిన్ననే పడవలో పంపారు. రేపు ఆదివారం పూజ అయ్యాక అందరి కళ్ళ మీదా వేస్తారు. అక్కడ పూర్తిగా గుడ్డివాళ్ళు కొందరే. తక్కినవాళ్ళకి ఇంకా మసకగా కనిపిస్తుంది."

మాయిఫ్రెదో గోడ దగ్గర నుంచి తిరిగాడు. "ఆరిపోయి ఉంటాయి. వాళ్ళు తడుపుతారు."

అప్పటికే పొద్దు వాలింది. మంచు కరిగి నది పొంగుతున్న రోజులు. చీకట్లో ఏ పడవా దాటదు. పడవల రేవుకి పరుగెత్తి అడిగాను. పడవవాడు నా ముద్ద మాటలు విని తాగానేమో అనుకున్నాడు. నాలుక పొక్కు. పొద్దున మొదటి వెలుగుకి రమ్మన్నాడు. సత్రం వాళ్ళు కొత్వాలు అడిగితే పవిత్రమైన గుడ్డలు ఇవ్వరని నాకు తెలుసు. కట్టలో ఏవి ఏవో కూడా నేను గుర్తుపట్టలేను. సత్రంలో అట్లాంటి నార గుడ్డలు బోలెడు ఉంటాయి.

మర్నాడు పొద్దున వెలుగు రాకముందే వెళ్ళి కట్టెల కొట్టు తాళం తీశాను. న్యాయాధికారి ఆజ్ఞ లేదు. తప్పించాడని నన్ను అంటారు. అననీ.

"సోమవారం అన్నావుగా," అంది గిస్లా.

"నీ కుట్టు నువ్వు గుర్తుపడతావా?"

"కళ్ళు మూసుకుని."

"పద."

దారిలో చెప్పాను, అన్నీ. ఆమె ఆగలేదు, నా వైపు చూడలేదు. మొక్క సంగతి చెప్పినప్పుడు మాత్రం అడుగు తడబడింది. "మండుతూ ఉంటుంది కదయ్యా అది," అంది. అంతే.

రేవులో తెదాల్దో నిలబడి ఉన్నాడు. తల మీద ముసుగు లేదు, కాళ్ళకి చెప్పులు లేవు. బల్లల వెనక తలుపు గడియ తీసి వచ్చేశాడు. గిస్లా ఆయన్ని దాటి పడవలో చివరికి పోయి, నీళ్ళ వైపు మొహం పెట్టి కూర్చుంది. ఆయన ఈ చివర కూర్చున్నాడు. పడవవాడు ఆయన్ని గుర్తుపట్టి గెడ చేతిలో ఉండగానే మోకాళ్ళ మీద కూలబడ్డాడు. వాడి కంటిలో పువ్వు ఉంది.

"తండ్రీ, ఒక్కసారి చెయ్యి పెట్టండి."

తెదాల్దో రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "తాకకు. ఈ చేతులు తాకకు."

వాడు తెల్లమొహం వేసి నన్ను చూశాడు. అవతలి ఒడ్డున సత్రంలో పూజకి మొదటి గంట కొట్టారు. వాడి చేతిలోంచి గెడ తీసుకుని నేనే పడవని నెట్టాను.